గుడ్డులోనే దాక్కున్న దొంగ: తేనెటీగ వైరస్‌లూ, ఫ్లాస్కులో కణాలూ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? ఆ చివర ఫ్యాన్ ఒక్కటి ఆపేస్తే బాగుంటుంది బాబూ, మైకులో గాలి సౌండే ఎక్కువొస్తోంది... ఆ, థ్యాంక్స్.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, తేనెటీగల గురించి మాట్లాడండి మేడమ్, పెట్టెలు, తేనె దిగుబడి, సబ్సిడీలు, అలా ఏదైనా పర్లేదు అన్నారు. నాకు పెట్టె తెరిచి చూడటం వచ్చు గానీ సబ్సిడీల సంగతి ఒక్క ముక్క తెలీదు. (నవ్వులు) నేను ఇన్నేళ్ళూ చేసిందల్లా ఒకటే పని, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ఫ్లాస్కులో తేనెటీగ కణాల్ని పెంచడం, వాటికి వైరస్ అంటించడం, పొద్దున్నే వెళ్ళి మైక్రోస్కోపులో బతికున్నాయా పోయాయా అని చూడటం. మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, అంత చదువూ చదివి అమెరికా వెళ్ళి ఈగలకి జ్వరం తెప్పిస్తున్నావా అని. అవునమ్మా అదే ఉద్యోగం అంటాను.

సరే, మొదట మీకొక ఈగని చూపిస్తా. ఈ ఫొటో చూడండి. ఇది పెట్టె ముందు చెక్క మీద తీసింది. ఈగ అప్పుడే తను పెరిగిన మైనపు అరలోంచి బయటికొచ్చింది, ఒళ్ళంతా లేత బూడిద రంగు నూగు, ఇంకా సరిగా ఎండను కూడా చూడలేదు. రెక్కలు చూడండి. తడి కాగితాన్ని ఉండ చేసి మళ్ళీ విప్పితే ఎలా ఉంటుంది, అలా లేదూ? పొట్ట కూడా కురచగా ఉబ్బినట్టుంది. ఇది ఎగరలేదు, చెక్క మీద అటూ ఇటూ పాకుతుంది, కాసేపటికి తోటి ఈగలే దాన్ని పట్టుకుని లాక్కెళ్ళి కింద గడ్డిలో పడేస్తాయి. ఒకటి రెండు రోజులు, అంతే. ఇది చేసింది డిఫార్మ్‌డ్ వింగ్ వైరస్, రెక్కలు వంకర చేసే వైరస్ అన్నమాట, మేము డీడబ్ల్యూవీ అంటాం. 1980ల మొదట్లో జపాన్ నుంచి వచ్చిన ఈగల్లో దీన్ని మొదటిసారి వేరుచేశారు. సైజు ముప్పై నానోమీటర్లు ఉంటుంది, లోపల దాదాపు 10,000 అక్షరాల ఆర్ఎన్ఏ దారం ఒకటి, అంతకుమించి దాని దగ్గర ఏమీ లేదు.

మరి అంత చిన్నది ఇంత పని ఎలా చేసింది అంటే దానికి ఒక వాహనం దొరికింది. వరోవా. మిరప వేసేవాళ్ళకి ఎర్రనల్లి తెలుసు కదా, అలాంటి నల్లే ఇది కూడా, కాకపోతే ఈగ ఒంటి మీద పెద్దగా, గుండ్రంగా, ఎర్రమట్టి రంగులో కంటికి బాగానే కనపడుతుంది. అసలు ఇది మన ఆసియా ఈగ, ఏపిస్ సెరానా, దాని మీద బతికే నల్లి. రెంటికీ వేల ఏళ్ళ పరిచయం, నల్లి ఎక్కువగా పోతుటీగల అరల్లోనే పిల్లలు పెడుతుంది, ఈగలు కూడా ఒళ్ళు దులుపుకుని దాన్ని తీసేస్తుంటాయి, ఏదో సర్దుకుపోయారు. ఎప్పుడైతే మనుషులు ఐరోపా ఈగని, ఏపిస్ మెల్లిఫెరాని, తెచ్చి దాని పక్కన పెట్టారో అప్పుడు నల్లి గోడ దూకింది. కొత్త ఈగకి దీన్ని ఎలా ఎదుర్కోవాలో తెలీదు. నల్లి మూత పడబోయే అరలో దూరుతుంది, లోపల ప్యూపాని, అంటే పురుగు దశ దాటి ఇంకా ఈగ కానిదాన్ని, కుట్టి తాగుతుంది, ఆ కుట్టినప్పుడు వైరస్ నేరుగా ఈగ ఒంట్లోకి ఇంజెక్షన్ ఇచ్చినట్టు పోతుంది. నోటితో తింటే పేగు దగ్గరే చాలావరకు ఆగిపోయేది, ఇక్కడ ఆ గేటే లేదు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ హవాయి. అక్కడ దీవులు కాబట్టి కొన్నిటికి నల్లి వచ్చింది, కొన్నిటికి రాలేదు, అంటే ప్రకృతే ప్రయోగం చేసిపెట్టింది. ఒవాహు దీవిలో 2007లో నల్లి దొరికింది, మరుసటేడు పెద్ద దీవిలో. 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ ప్రకారం నల్లి రాకముందు డీడబ్ల్యూవీ పది శాతం చోట్లే ఉండేది, వచ్చాక నూటికి నూరు, ఒక్కో ఈగలో వైరస్ మోతాదు పది లక్షల రెట్లు పెరిగింది, పైగా అంతకుముందు రకరకాల డీడబ్ల్యూవీలు ఉండేవి కాస్తా ఒక్క రకమే మిగిలి రాజ్యమేలింది. నేను ఈ పేపర్ చదివినప్పుడు నాకు పట్టుకున్నది ఆ చివరి మాట. ఒక్క రకమే ఎందుకు మిగిలింది? మిగతావి ఎక్కడ ఓడిపోయాయి, నల్లిలోనా, ఈగలోనా, ఈగలో అయితే ఏ కణంలో? పెట్టె ముందు కూర్చుని ఎంతసేపు చూసినా దీనికి జవాబు రాదు.

ఇక్కడే కణాల గొడవ మొదలవుతుంది. బ్యాక్టీరియా అయితే అగార్ ప్లేటు మీద గీస్తే పెరుగుతుంది, వైరస్ అలా పెరగదు, దానికి బతికున్న కణం కావాలి. పాత రోజుల్లో ఏం చేసేవాళ్ళంటే ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అని పెద్ద వ్యవసాయ పరిశోధన కేంద్రం, అక్కడ లెస్లీ బెయిలీ అని ఒకాయన, తేనెటీగ వైరస్‌లకి ఆయన్ని పెద్దాయన అనుకోవచ్చు, ఆయన దగ్గరికి వణుకుతూ పాకే ఈగలొచ్చేవి, పక్షవాతం అనేవాళ్ళు. ఆయన ఆ జబ్బు ఈగల్ని రుబ్బి, వడగట్టి, సెంట్రిఫ్యూజులో తిప్పి, ఆ సారాన్ని మంచి ఈగలకి ఎక్కించేవాడు. 1963లో ఆయనా, ఆయన తోటివాళ్ళూ అలా ఒక వైరస్ కోసం వెతికితే రెండు దొరికాయి. ఒకటి వెతికినదే, క్రానిక్ పెరాలిసిస్ వైరస్. రెండోది అక్యూట్ పెరాలిసిస్ వైరస్, అది ఎక్కడిదీ అంటే ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్న మామూలు ఈగల్లోది! చూడ్డానికి నిక్షేపంగా ఉన్న ఈగలో కూడా అది ఎంతో కొంత కూర్చుని ఉంది, ప్రయోగం చేస్తే బయటపడింది.

ఈ ఇబ్బంది కొంచెం ఆగి ఆలోచించండి. మీకు ఎ అనే వైరస్ కావాలి. దాన్ని పెంచడానికి ప్యూపాలోకి ఎక్కిస్తారు. ఆ ప్యూపాలో ముందే బి, సి ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత రుబ్బితే మీకొచ్చేది ఎ, బి, సి కలిసిన పులగం. దాన్ని ఇంకో ప్యూపాకి ఎక్కిస్తే డి కూడా చేరుతుంది. ఇందులో ఏది ఏం చేసిందని రాస్తారు? 2006 చివర్లో అమెరికాలో పెట్టెలకి పెట్టెలు ఖాళీ అయిపోయినప్పుడు, కాలనీ కొలాప్స్ అని పేపర్లన్నీ రాశాయి మీకు గుర్తుండే ఉంటుంది, 2007లో ఇజ్రాయెలీ అక్యూట్ పెరాలిసిస్ వైరస్ మీద అనుమానం వచ్చింది, ఐఏపీవీ అంటాం, ఆ పెట్టెల్లో అది ఎక్కువగా కనపడింది. కానీ కనపడటం వేరు, చంపడం వేరు. హత్య జరిగిన చోట పదిమంది నిలబడి ఉంటే ఒకడి చొక్కాకి రక్తం ఉందని వాడే అని ఎలా అంటాం. తర్వాత తర్వాత అది ఒక్కటే కారణం కాదనే తేలింది.

కాబట్టి శుభ్రమైన కణాలు కావాలి. ఫ్లాస్కులో ఒకే రకం కణాలు, ఒకే వైరస్, ఇన్ని గంటలకి ఇంత అని లెక్క.

పురుగుల కణాల్ని ఒంటి బయట పెంచడం కొత్తేం కాదు. 1915లోనే గోల్డ్‌ష్మిట్ అనే ఆయన చిమ్మట, అంటే రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు, దాని కణాల్ని కొన్నాళ్ళు బతికించాడు. కానీ ఎడతెరిపి లేకుండా పెరిగే లైను, అంటే మీరు పోయినా అది ఉంటుంది అనే రకం కణాల వంశం, 1962లో ఆస్ట్రేలియాలో టి.డి.సి. గ్రేస్ తెచ్చాడు, పెద్ద చిమ్మట అండాశయం నుంచి. ఆయన కాచిన మీడియంలో, అంటే కణాలకి పెట్టే పోషక ద్రవంలో, చిమ్మట ఒంట్లో రసం కూడా కలిపేవాడు, కొత్త కోడలికి పుట్టింటి ఊరగాయ పంపినట్టు. మనవాళ్ళు కూడా వెనకబడలేదు, 1967లో పుణే వైరస్ సంస్థలో కె.ఆర్.పి. సింగ్ గారు దోమ పిల్లల నుంచి సెల్ లైన్లు చేశారు, ఇవాళ ప్రపంచంలో డెంగీ మీద పనిచేసే ప్రతి ల్యాబులో ఉండే సి6/36 అనే కణాలు ఆయన ఏడిస్ ఆల్బోపిక్టస్ లైనుకి పిల్లలే. ఈ విషయం మన డిగ్రీ పుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకోటి, ఇక్కడ మొక్కజొన్న వేసినవాళ్ళు చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. 2018లో కర్ణాటకలో కనపడి, ఆ తర్వాత మన చేలల్లోకి దిగి సుడి లోపల కూర్చుని ఆకంతా జల్లెడ చేసిన కత్తెర పురుగు మీకు బాగా తెలుసు, దాన్ని తిట్టని వాడు లేడు. ఆ పురుగు ప్యూపా అండాశయం నుంచి తీసిన కణాలే ఎస్ఎఫ్9. పేరులో ఎస్, ఎఫ్ అంటే స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా. కోవిడ్ టైములో పుణేలో కోవోవ్యాక్స్ టీకా తయారుచేశారు కదా, అందులో స్పైక్ ప్రోటీన్ ఆ కణాల్లో చేసిందే. మా నాన్నకి ఇది చెప్తే నమ్మలేదు, పది సార్లు మందు కొట్టినా చావని పురుగు కదా అందుకే కణాలు కూడా చావవు అన్నాడు. (నవ్వులు) సైన్సు ప్రకారం అది కారణం కాదు గానీ, నిజంగానే ఎస్ఎఫ్9 అంత మొండిది, రోజుకోసారి రెట్టింపవుతుంది, అందుకే ల్యాబుల్లో అందరికీ అదంటే ముద్దు.

అలా చిమ్మటలవీ దోమలవీ పండ్ల ఈగలవీ వందల లైన్లు వచ్చేశాయి. తేనెటీగది మాత్రం రాలేదు. ఎన్నో గ్రూపులు ట్రై చేశాయి, వారాలు బతుకుతాయి, నెలలు బతుకుతాయి, తర్వాత మెల్లగా ఆగిపోతాయి. కొంతమంది విసుగొచ్చి వేరే పురుగు కణాలు వాడుకున్నారు, 2011లో జర్మనీలో నోసీమా అనే ఇంకో ఈగ జబ్బుని చిమ్మట కణాల్లో పెంచి చూపించారు, అది తెలివైన పనే, కానీ వైరస్‌కి ఇల్లు మారితే బుద్ధి మారుతుంది, ఈగ కణంలో ఏం చేస్తుందో తెలియాలంటే ఈగ కణమే కావాలి.

ఎందుకంత కష్టం అంటే నేను చేసిన పని చెప్తా, అర్థమవుతుంది. పెద్ద ఈగలో విడిపోతూ పెరిగే కణాలు తక్కువ, అందుకని గుడ్డు దగ్గరికి వెళ్ళాలి. రాణీ ఈగని ఖాళీ ఫ్రేమ్ మీద జాలీలో బంధించి ఒక రోజు ఉంచుతాం, అది గుడ్లు పెడుతుంది. గుడ్డు మూడు రోజులకి పగిలిపోతుంది కాబట్టి మనకి ఉన్న టైము ఆ మధ్యలోనే, మరీ ముందైతే కణాలు తయారవ్వవు, మరీ ఆలస్యమైతే పురుగైపోతుంది. గుడ్డు ఎంతుంటుంది? సన్న సేమియాని మిల్లీమీటరున్నర ముక్క చేస్తే అంత, తెల్లగా, కొంచెం వంకరగా, అర అడుగున నిలబెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. దాన్ని చిన్న గరిటె లాంటి పనిముట్టుతో అడుగు నుంచి లేపాలి. గట్టిగా తగిలితే పగులుతుంది, పగిలిందా అది పనికిరాదు, పక్కదానికి కూడా అంటుకుంటుంది. ఊపిరి బిగబట్టి ఒక్కోటి తీసి నీళ్ళ చుక్కలో వేయాలి. నా మొదటి రోజు రెండు గంటలకి పదకొండు గుడ్లు తీశాను, అందులో నాలుగు పగిలినవి. తర్వాత చెయ్యి కుదిరింది గానీ మెడ మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

తీశాక పైన ఆల్కహాలు, బ్లీచు, మళ్ళీ కడుగు, మళ్ళీ కడుగు. ఎందుకంటే పెట్టె లోపల మైనం, పుప్పొడి, ఈగల కాళ్ళు, అన్నిటి మీదా ఈస్టూ బ్యాక్టీరియా ఉంటాయి. తర్వాత గుడ్లని నలిపి మీడియంలో వేసి 32 డిగ్రీల దగ్గర పెడతాం, పెట్టె లోపల పిల్లల దగ్గర ఉండే వేడికి దగ్గరగా. ఇక్కడ మా దరిద్రం చెప్తా. నేను పనిచేసిన ఒక ల్యాబులో, పేరొద్దులెండి, ఆరు వారాలు పెంచిన ఇరవై రెండు ఫ్లాస్కులున్నాయి, అందులో మూడిట్లో కణాలు నిజంగానే అడుగున అంటుకుని చేతులు చాస్తున్నాయి, నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మా అయిపోవచ్చింది అని కూడా చెప్పాను. ఒక సోమవారం పొద్దున్న ఇన్‌క్యుబేటర్ తీస్తే ఎర్రగా ఉండాల్సిన మీడియం పసుపు, లోపల కుడితి నీళ్ళలా మబ్బు. శుక్రవారం సాయంత్రం ఎవరో మేము కణాల పని చేసే హుడ్డులో, అంటే వడగట్టిన గాలి వచ్చే పెట్టెలో, ఈస్టు పని చేసి తుడవకుండా వెళ్ళారు. ఎవరో కనుక్కుందామని రెండు రోజులు డిటెక్టివ్ పని చేశాను, చివరికి లాగ్ బుక్కు చూస్తే ఆ శుక్రవారం ఆఖరి సంతకం నాదే. (నవ్వులు) ఏం చేస్తాం, బ్లీచు పోసి పారేసి మళ్ళీ రాణీ దగ్గరికి వెళ్ళాను.

సరే నా గోల పక్కన పెడితే, నిజంగా సాధించింది మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు. మైకేల్ గోబ్లిర్ష్, మార్లా స్పివాక్, టిమోతీ కుర్తీ, 2013లో పేపర్ వేశారు. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే ఈగలు తెలిసినవాళ్ళు, కణాలు తెలిసినవాళ్ళు ఒక చోట కూర్చోవడం, స్పివాక్ గారు జీవితమంతా ఈగలే, కుర్తీ గారు పురుగుల కణాలు పెంచడంలో చెయ్యి తిరిగిన మనిషి. వాళ్ళ లైను పేరు ఏఎమ్ఈ-711. నాలుగు రోజులకోసారి రెట్టింపవుతుంది, పది పధ్నాలుగు రోజులకోసారి ఒక ఫ్లాస్కుని మూడు చేస్తారు, ద్రవ నత్రజనిలో దాచి మళ్ళీ లేపొచ్చు. ఎస్ఎఫ్9 ముందు ఇది ఎద్దుబండే, కానీ తేనెటీగది!

అది తేనెటీగదే అని కూడా నిరూపించాలి, ఇది చిన్న విషయం అనుకోకండి. ఇందాక చెప్పిన గ్రేస్ గారే 1966లో దోమ సెల్ లైను చేశానని చెప్పారు, అందరూ వాడారు, కొన్నేళ్ళకి పరీక్షిస్తే అది దోమ కాదు, ఆయన పాత చిమ్మట కణాలే అందులో దూరిపోయి దోమ కణాల్ని తోసేశాయి. అంత పెద్దమనిషికే జరిగింది. అందుకని మిన్నెసోటా వాళ్ళు క్రోమోజోములు లెక్కపెట్టారు, 32 ఉన్నాయి, ఆడ ఈగకి ఉండేవి అవే, పోతుటీగకైతే 16 ఉంటాయి. మైటోకాండ్రియాలో ఒక జీన్ చదివారు, అచ్చంగా తేనెటీగతో సరిపోయింది. హమ్మయ్య.

ఇక అసలు సంగతి. ఈ కణాల్ని తీసుకుని అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు వైరస్‌లు ఎక్కించడం మొదలుపెట్టారు, 2016లో ఆ పేపర్ వచ్చింది. ఏం తేలిందంటే, ఏమీ ఎక్కించకముందే ఆ కణాల్లో డీడబ్ల్యూవీ ఉంది. అవును, ఆ వంకర రెక్కల వైరసే. గుడ్డు పైన ఎంత బ్లీచు కొడితే ఏం లాభం, అది తల్లి నుంచి గుడ్డు లోపలికే వచ్చేసి ఉంటుంది, అక్కడి నుంచి ఫ్లాస్కులోకి. కణాలు చావట్లేదు, గుండ్రంగా మారట్లేదు, చూడ్డానికి ఏ తేడా లేదు, పెరుగుతున్నాయి, ఫ్రీజ్ అవుతున్నాయి, లేస్తున్నాయి, వాటితో పాటు అదీ లేస్తోంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు, మైక్రోస్కోపు ఎంత. ఆర్ఎన్ఏ చదివితే తప్ప దొరకలేదు.

చాలామంది ఇది విని అయ్యో వేస్ట్ అయిపోయిందా అంటారు. నేనైతే అలా అనను. మొదటిసారి విన్నప్పుడు నాకూ నీరసం వచ్చింది గానీ, ఆలోచిస్తే ఆ కణం మనకి చెప్తున్నది నిజం. తేనెటీగ అంటేనే వైరస్‌తో కాపురం చేసే ప్రాణి. బెయిలీ 1963లో చూసిందీ అదే, హవాయిలో నల్లి రాకముందు ఉన్నదీ అదే, తక్కువగా, చప్పుడు లేకుండా. మనం అడగాల్సింది వైరస్ ఎందుకు వచ్చింది అని కాదు, ఇన్నాళ్ళు ఊరుకున్నది ఇప్పుడెందుకు లేచింది అని. ఆ ప్రశ్నకి డీడబ్ల్యూవీతో చచ్చిపోకుండా పెరిగే కణం కన్నా మంచి సామాను ఏముంది చెప్పండి.

అదే పేపర్లో ఇంకో ప్రయోగం ఉంది, నాకు భలే ఇష్టం. వాళ్ళ దగ్గర ఈగల నుంచి తీసిన వైరస్ మిశ్రమం ఒకటుంది, అందులో ఎక్కువ భాగం శాక్‌బ్రూడ్ వైరస్, మిగతావి డీడబ్ల్యూవీ, బ్లాక్ క్వీన్ సెల్ వైరస్, కొద్దిగా ఐఏపీవీ. దాన్ని కొత్తగా పుట్టిన ఈగలకీ ఇచ్చారు, ఫ్లాస్కులో కణాలకీ ఇచ్చారు. మెజారిటీ శాక్‌బ్రూడ్‌ది కదా, గెలవాల్సింది అదే. కానీ రెండు చోట్లా ఐఏపీవీ పైకొచ్చి కూర్చుంది. ఓట్లు ఒకడివి, కుర్చీ ఇంకొకడిది. (నవ్వులు) మరో మిశ్రమం తీసుకున్నారు, అందులో కశ్మీర్ బీ వైరస్ ఎక్కువ, ఆ పేరు ఎందుకంటే అది మొదట దొరికింది కశ్మీర్ సెరానా ఈగల్లో, 1970ల్లో. ఈసారి కణాల్లో కశ్మీర్ వైరస్ దూసుకుపోయింది, ఐఏపీవీ లేవలేదు. ఈ రెండూ దగ్గరి చుట్టాలు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు. మరి ముందే లోపల తిష్ట వేసిన డీడబ్ల్యూవీ? అది వీటిని ఆపలేదు. ఐఏపీవీ వచ్చాక కణాలు ముడుచుకుని, అడుగు నుంచి ఊడి, పగిలిపోయాయి. కొన్ని వైరస్‌లు ముందు వచ్చి తలుపేసుకుంటే రెండోదాన్ని రానివ్వవు, ఇది మాత్రం తలుపు తీసే ఉంచింది. ఇది రుబ్బిన ఈగల్లో చూడగలిగేవాళ్ళమా? ఫలితం వరకు చూసేవాళ్ళమేమో, ఎవరు ఎవర్ని ఆపారు, ఆపలేదు అనేది ఒకే రకం కణం ఉంటేనే తేలుతుంది.

దొంగ తేనెటీగ కణాల్లోనే ఉన్నాడని మళ్ళీ అనుకోకండి. హై ఫైవ్ అని ఇంకో చిమ్మట లైను చాలా ఫేమస్, 2007లో దాంట్లో ఒక నోడావైరస్ దాక్కుని ఉందని బయటపెట్టారు. 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సైంటిస్టులు మన కత్తెర పురుగు ఎస్ఎఫ్9లోనే ఒక రాబ్డోవైరస్ ఉందని చూపించారు, అప్పటికి ఆ కణాల్ని ప్రపంచమంతా ముప్పై ఏళ్ళుగా వాడుతోంది. మనుషులకి దానివల్ల ఇబ్బంది ఉందని ఏమీ తేలలేదు, భయపడకండి, కానీ ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని ఉన్నా ఎవరూ చూడలేదన్నది వాస్తవం.

దీనికి ఇంకో దారి కూడా ఉంది, వియన్నాలో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో చేశారు. వైరస్‌ని ఈగల్లోంచి శుద్ధి చేయడం మానేసి, డీడబ్ల్యూవీ ఆర్ఎన్ఏ మొత్తాన్ని డీఎన్ఏగా మార్చి ప్లాస్మిడ్ అనే చిన్న గుండ్రటి డీఎన్ఏలో దాచుకున్నారు. కావాల్సినప్పుడు ట్యూబులో ఆ డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తీసి ప్యూపాలోకి ఎక్కించారు, వచ్చిన ఈగకి రెక్కలు వంకర. అంటే వేరే వైరస్ ఏదీ కలవని, అక్షరం అక్షరం మనకి తెలిసిన దారంతో జబ్బు తెప్పించారు, ఇక ఈ రెక్కల నేరం ఎవరిదీ అన్న వాదన ముగిసింది. ఇప్పుడు దాంట్లో ఒక అక్షరం మార్చి ఏమవుతుందో చూడొచ్చు. నా ఉద్దేశంలో ఇలా దాచుకున్న ఈ నకలు, క్లోను అంటాం, ఒక చేయి, కణాల లైను ఇంకో చేయి, రెండూ కలిస్తేనే చప్పట్లు.

ఒక మాట ఒప్పుకోవాలి, ఫ్లాస్కులో ఈగ ఉండదు. పేగు లేదు, కొవ్వు కణజాలం లేదు, నల్లి కాటు లేదు, జబ్బుదాన్ని లాక్కెళ్ళి బయటపడేసే అక్కచెల్లెళ్ళు లేరు. ఏఎమ్ఈ-711లో ఎక్కువగా ఉన్నది ఒక రకం అంటుకునే కణాలు, రేపు మెదడు కణంలో వైరస్ ఇంకోలా ప్రవర్తించొచ్చు. అందుకే ఫ్లాస్కులో చూసింది ప్యూపాలో చూడాలి, ప్యూపాలో చూసింది పెట్టెలో చూడాలి. ఫ్లాస్కు రిజల్టు రాగానే మందు దొరికేసింది అని హెడ్డింగ్ పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మన దగ్గరికొస్తే, మన పెట్టెల్లో రెండు రకాలు. మెల్లిఫెరా 1962 ప్రాంతంలో హిమాచల్ వైపు నగ్రోటాలో నిలదొక్కుకుని దేశమంతా వచ్చింది. సెరానా మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండేదే. సెరానాకి నల్లి పెద్ద బాధ కాదు, దానికి వచ్చే చావు వేరే, థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్. 1976లో థాయిలాండ్‌లో గుర్తించారు, రెండేళ్ళకే మన ఈశాన్యంలో, 1991-92లో కేరళకి వచ్చి అక్కడ సెరానా పెట్టెల్ని తుడిచిపెట్టేసింది. పురుగు దశలోనే, మూత పడ్డాక, ఒళ్ళంతా నీళ్ళు నిండిన సంచిలా అయిపోతుంది, చిమటాతో లేపితే సంచి లేచినట్టే లేస్తుంది. దీన్ని మెల్లిఫెరా కణాల్లో ఎంత చదివినా సగమే. సెరానా గుడ్డు నుంచి వచ్చిన లైను కావాలి. నేను ఇంటికి తిరిగి రావాలనుకుంటున్నది కూడా ఆ పని మీదే, వీసా గొడవలు ఒక కారణం అనుకోండి. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు అన్నా, చెప్పండి.

(సభికుల్లో ఒకరు: మేడమ్, నాకు నలభై పెట్టెలున్నాయి, పొద్దుతిరుగుడు దగ్గర పెడతాం. రెక్కలు వంకర ఈగలు నేనూ చూశాను. ఏ మందు కొట్టాలి?)

వైరస్‌కి మందు లేదన్నా, ఎవరైనా అమ్మితే కొనకండి. మీరు పట్టుకోవాల్సింది నల్లిని. పోతుటీగల అరలున్న ముక్క కోసి తీసేయండి, నల్లికి అదే ఇష్టం కదా, దాంతో చాలా పోతాయి. ఫార్మిక్ యాసిడ్ వాడేవాళ్ళున్నారు, కానీ మన ఎండల్లో అది మోతాదు తప్పితే ఈగలే పోతాయి, కాబట్టి మీ దగ్గర తేనెటీగల సంగతి తెలిసిన శాస్త్రవేత్తని అడిగి, చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు వేసుకుని చెయ్యండి. వంకర రెక్కలు కనపడేసరికే లోపల నల్లి బాగా ముదిరి ఉంటుంది, అందుకని ముందే నెలకోసారి ఒక అరకప్పు ఈగల మీద పంచదార పొడి జల్లి, జాలీ మూత ఉన్న సీసాలో ఊపి ఎన్ని నల్లులు రాలాయో లెక్కపెట్టుకోండి. ఈగలు చావవు, పొడి నాక్కుని మళ్ళీ పనికి పోతాయి.

(మరొకరు: ఆ తేనె తింటే మనకి వైరస్ వస్తుందా?)

రాదండీ. ఇవి పురుగుల వైరస్‌లు, మన కణాల్లో పెరగవు. నేను వాటి మధ్యే బతికాను, నా రెక్కలు బాగానే ఉన్నాయి.

(ఒక విద్యార్థిని: అక్కా, మా కాలేజీ ల్యాబులో ఈ కల్చర్ చెయ్యొచ్చా? మాకు సీఓటూ ఇన్‌క్యుబేటర్ లేదు.)

మంచి ప్రశ్న తల్లీ. అదృష్టం ఏంటంటే వీటికి సీఓటూ అక్కర్లేదు. మిన్నెసోటా వాళ్ళు వాడింది ఎల్-15 అని, గ్యాసు లేకుండా గాలిలోనే నడిచేలా తయారుచేసిన మీడియం, దాన్నే కొంచెం మార్చుకున్నారు. 32 డిగ్రీలు నిలబడే ఇన్‌క్యుబేటర్, ఒక లామినార్ హుడ్డు, మంచి మైక్రోస్కోపు ఉంటే మొదలుపెట్టొచ్చు. మీడియంలో కలిపే సీరం ఖరీదు ఎక్కువ, అది మీ మేడమ్ గారిని అడగాలి, నేను చూడనట్టు ఉంటాను. ముందు మీడియం కొనకండి, గుడ్లు తీయడం నేర్చుకోండి. ఆ అన్న దగ్గర నలభై పెట్టెలున్నాయి కదా, ఒక పాత నల్ల ఫ్రేమ్ అడుక్కోండి, నల్ల మైనం మీద తెల్ల గుడ్డు బాగా కనపడుతుంది. పగలకుండా వంద తీశాక నాకు మెసేజ్ పెట్టు, మిగతాది అప్పుడు మాట్లాడదాం. హుడ్డు వాడాక తుడిచి సంతకం పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.